మొదట లోతు, తర్వాత మందు

పదకొండేళ్లుగా నా గొంతులో పచ్చి వెలక్కాయ అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కు.

అప్పుడు చొప్పదండి అవతల ఒక రాతి క్వారీలో ఇంజనీర్ని. పేల్చినప్పుడు రాళ్లు ఎంత దూరం ఎగురుతాయో, అక్షరాలతో బీజగణితం చేసే సాఫ్ట్‌వేర్‌లో సూత్రం రాశాను. మొదట రంధ్రం లోతు, తర్వాత అందులో కూరే పేలుడు మందు బరువు. అంకెలు వేసే ఫంక్షన్‌గా మార్చేటప్పుడు అది ఆ రెంటినీ ఇంగ్లిషు అక్షరాల వరుసలో పెట్టుకుంది. చార్జ్ కాబట్టి మందు ముందుకొచ్చింది, డెప్త్ కాబట్టి లోతు వెనక్కి పోయింది. నేను చూసుకోలేదు. పరీక్షించలేదా? పరీక్షించాను. లోతు ఆరు మీటర్లు, మందు ఆరు కిలోలు. రెండూ ఆరే! తారుమారైతే మాత్రం జవాబు ఎలా మారుతుంది? సరిపోయిందని మురిసిపోయాను, వెధవని.

ఆ రోజు లోతు నాలుగు, మందు తొమ్మిది. తొమ్మిది మీటర్ల లోతులో నాలుగు కిలోలే అనుకుని ఆ ఫంక్షన్ దూరం బాగా తగ్గించి చూపింది. అంత దూరంలోనే, మనుషులు దాటి రాకూడదని సున్నపు గీత గీయించాను. మందు పేల్చే మల్లయ్యకు నచ్చలేదు.

"గింత దగ్గరనా సారూ? ఇంకా జర ఎన్కకు పోవాలె."

"కంప్యూటర్ కన్నా నీకెక్కువ ఎరుకనా? పేల్చు."

పేల్చాడు. డ్రిల్లు కొట్టే ఓదెలు ఆ గీత దగ్గరే నిలబడ్డాడు. కుండంత రాయి వచ్చి ముఖానికి తగిలింది. ముఖం మిగల్లేదు.

ఆఫీసు గదిలోకి పరుగెత్తి తెర చూశాను. లోతూ మందూ తారుమారయ్యాయని అప్పుడే తెలిసింది. బయటికి వచ్చేసరికి ఓదెలు తమ్ముళ్లు మల్లయ్యను కింద పడేసి తొక్కుతున్నారు.

"మందెక్కువ వెట్టి మా అన్నను సంపినవ్ గదరా!"

నోట్లో నెత్తురుతోనే మల్లయ్య నావైపు చూశాడు. "సారూ, మీరు చెప్పినంతనే వెట్టిన. జర చెప్పుండ్రి."

"నేను చెప్పినదాని కన్నా ఎక్కువ వెట్టిండు," అన్నాను.

అప్పుడు గడ్డపార లేచింది. అతని కుడిచేతి ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండోసారి కూడా విన్నాను.

భయపడ్డానా? భయమొక్కటే అయితే నన్ను నేను ఇంతగా అసహ్యించుకునేవాణ్ణి కాదు. నా లెక్క తప్పనీ, ఆ చదువురాని మనిషి అంచనాయే సరైందనీ పదిమంది ముందు ఒప్పుకోవడానికి నాకు నామోషీ అయింది. అందుకు ఒక చెయ్యి పోయింది.

మొన్న పెద్దపల్లి స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర మల్లయ్య కనిపించాడు. ఎడమచేత్తో చాయ్ పోసిచ్చాడు. "నా చేతనే మందు ఎక్కువ పడ్డదేమో సారూ. ఓదెలు దినాం యాదికొస్తడు," అన్నాడు. నా అబద్ధాన్ని అతనే నమ్మేశాడు. చాయ్ తాగి వచ్చేశాను. అప్పుడూ చెప్పలేదు.

ఓదెలును చంపింది నా లెక్క. మల్లయ్య చెయ్యి విరగ్గొట్టించింది నా నోరు. నువ్వు క్షమిస్తానన్నా వద్దు. ఇన్నేళ్లకు ఇవాళ ఊపిరి లోపలిదాకా పోతోంది. అది ఈ నిజం విని మల్లయ్య పీల్చాల్సిన ఊపిరి.