అత్త మడిచిన సంచి

నా చిన్నప్పుడు, అరవైల్లో, రేపల్లె దగ్గర మా ఊళ్లో క్రైస్తవుల ఇళ్లన్నిటిలోనూ పొయ్యి పక్కన దేవుడి కుండ ఒకటి ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి అందులో వేసేవారు. ఆదివారం వాటిని సంచిలో పోసి చర్చికి తెచ్చి, అందరి ముందూ గంపలో కుమ్మరించేవారు.

ఒక వేసవిలో, కాలువలు కట్టేసి కూలి పనులు లేని రోజుల్లో, మా కుండలో బియ్యం దొంగతనంగా తీసి జీళ్లవాడికి పోశాను. అమ్మకి జ్వరం. ఆదివారం సంచి నింపుకుని నన్నే వెళ్లమంది. కుండ అడుగున చారెడు కూడా లేవు.

చర్చి అరుగు మీద సంచులు పెట్టి ఆడవాళ్లు కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్లారు. నేను పక్కింటి అత్త సంచి తీసుకుని గోడ వెనక్కి వెళ్లాను. ఆవిడకి మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆ నెలల్లో ఆవిడ పొయ్యి రోజుకి ఒక్కసారే వెలిగేదని మా ఇంట్లోంచి పొగ చూస్తే తెలిసేది. తెలిసే, బియ్యమంతా నా సంచిలోకి వంపేశాను. తలెత్తితే అత్త నిలబడి ఉంది.

కొడుతుందనుకున్నాను. నా చేతిలోంచి ఖాళీ సంచి తీసుకుని, మడిచి బొడ్లో దోపుకుంది. "సంచి మూతి కట్టుకోరా, ఒలికిపోద్ది" అంది. అంతే.

గంప దగ్గర సంఘ పెద్ద నా సంచి పైకెత్తి, తల్లికి జ్వరమొచ్చినా పిల్లాడు ఎంత తెచ్చాడో చూడమని అందరికీ చూపించాడు. తర్వాత అత్త వంతు వచ్చింది.

"ఏంటమ్మా, ఈ వారం దేవుణ్ణి పస్తు పెట్టావా?"

అందరూ నవ్వారు.

"అవునండి. తియ్యలేకపోయానండి" అంది అత్త.

అప్పుడు నాకు సిగ్గు వెయ్యలేదు. పెద్దాయన మెచ్చుకున్నందుకు లోపల పొంగిపోయాను. ఇన్నేళ్లుగా నన్ను తినేస్తున్నది దొంగతనం కంటే ఆ సంతోషమే.

చెబుదాం చెబుదాం అనుకుంటూనే పెద్దవాణ్ణయ్యాను, తెనాలిలో ఉద్యోగంలో చేరాను. ఎప్పుడు ఊరెళ్లినా అత్త "బాగున్నావా అబ్బాయ్" అనేది. ఆ మాట మాత్రం ఎత్తేది కాదు. డెబ్బైల్లో ఉప్పెన వచ్చిన ఏడు ఆవిడ అడవులదీవి వైపు కూలికి వెళ్లి ఉంది. శవం కూడా దొరకలేదు.

దేవుడి దగ్గర చాలాసార్లు ఒప్పుకున్నాను. ఆయన క్షమించే ఉంటాడు. ఆవేళ నవ్విన వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు. వాళ్లకి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

ఉద్యోగం అయిపోయి ఊరికి తిరిగొచ్చాక నేనూ సంఘ పెద్దనయ్యాను. చర్చికి ఫ్యాను ఇచ్చి, రెక్క మీద నా పేరు రాయించాను. ఒకసారి ప్రార్థన మధ్యలో కరెంటు పోయి ఫ్యాను ఆగింది. కళ్లు తెరిస్తే నా పేరు కనిపించింది, దాని వెంటే అత్త మడిచిన సంచి గుర్తొచ్చింది. మర్నాడు నేనే నిచ్చెన వేసుకుని పేరు మీద రంగు పూశాను.

ఇప్పుడక్కడ పేరు లేదు. అయినా కరెంటు పోయిన ప్రతిసారీ, అందరూ కళ్లు మూసుకుని ఉండగా, నా కళ్లు ఆ రెక్క మీదికే వెళతాయి. అత్త నేర్పిందేమిటో నాకు తెలుసు. చెయ్యడమే ఈ వయసుకి కూడా రాలేదు.