చిన్నాన్న ఓడిన ఒకే ఒక్క ఆట

మొన్న మన మలాయి దేశంలోని సుంగై పెటాని ఊళ్ళో మా మనవడి కాలేజీ ఫుట్‌బాల్ ఆటకి వెళ్ళాను. వాడు తల వంచుకుని బంతితో పరిగెడుతున్నాడు, ఎడమవైపునుంచి అవతలి కుర్రాడు మీదికి వచ్చేస్తున్నాడు. ఉండబట్టలేక కుర్చీలోంచి లేచి, "ఒరే, ఎడమేపు సూడరా!" అని గావుకేక పెట్టాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా నావైపు చూశారు గానీ వాడు చూడలేదు, బంతి కాస్తా పోయింది. ఆట అయ్యాక వచ్చి, ఎందుకు అరిచావన్నట్టు, "అపా లా, తాతా?" అని మలాయిలో అడిగాడు. వాడికి తెలుగు రాదు. ఆ కేక అసలు మా చిన్నాన్నది.

మా చిన్నాన్న బాగన్ దాతుక్ కొబ్బరి తోటల బడిలో పంతులు. పంతొమ్మిదివందల ముప్ఫైలలో, నేను చదువుకునే కాలేజీ దొర ఆయన తోట కుర్రాళ్ళని ఆడించే తీరు చూసి, మా జట్టుకి కోచ్‌గా తెచ్చుకున్నాడు. పంచె మీద కోటు, చంకలో గొడుగు, ఉత్తకాళ్ళు, అదీ మా కోచ్ వేషం! మన ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో మైదానంలో మలాయిలో అరిచినా, అరవంలో అరిచినా, ఇంగ్లీషులో అరిచినా అవతలివాడికి ముందే తెలిసిపోయేది. అందుకని చిన్నాన్న జట్టు మొత్తానికీ నాలుగు తెలుగు మాటలు నేర్పాడు. మా గోల్‌కీపర్ చీనా కుర్రాడు, అంచుల్లో ఆడేవాళ్ళు మలాయివాళ్ళు, అందరికీ ఎడమేపు, కుడేపు, ఎనక్కి నోటికొచ్చేశాయి. ఆ చీనా కుర్రాడైతే మా ఇంట్లో భోజనానికి కూర్చుని, "పిన్నీ, పులుసు ఎయ్యి" అని దర్జాగా అడిగేవాడు, పిన్ని మురిసిపోయి ఇంకో చేప ముక్క వేసేది.

అలా రెండేళ్ళపాటు ఒక్క ఆట కూడా ఓడలేదు. మూడో ఏడు కప్పు పోటీకి వెళ్ళాం. కప్పు తెస్తే కొలువు ఖాయం, కాలేజీ ఆవరణలో పెంకుటిల్లు కూడా ఇస్తాను, లేకపోతే వేరే కోచ్‌ని చూసుకుంటాను అని దొర తెగేసి చెప్పాడు. పిన్ని అప్పుడే ఆ ఇంటి పెరట్లో కరివేపాకు మొక్కకి చోటు చూసి పెట్టుకుంది.

ఆఖరి ఆట ఈ సుంగై పెటానిలోనే. మొదటి సగంలో మేమొక గోలు కొట్టాం. తర్వాత ఏమైందో ఏమో, చిన్నాన్న కుడేపు అనగానే వాళ్ళ వెనక వరసలోని పొడుగాటి కుర్రాడు మాకంటే ముందే కుడివైపు ఉంటున్నాడు, ఎడమేపు అంటే ఎడమవైపు. చిన్నాన్నకి గొంతు బొంగురుపోయింది, మాకు కాళ్ళు తడబడ్డాయి, రెండు గోల్స్ తిని ఓడిపోయాం. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడా కుర్రాడు తిన్నగా వచ్చి చిన్నాన్న కాళ్ళకి దండం పెట్టి, "పంతులుగారూ, మీరు అరిసినవన్నీ నాకు తెలిసిపోనాయండి, కోపం సెయ్యకండి" అన్నాడు.

కొలువు పోయింది, ఇల్లు పోయింది, అది చిన్నాన్న మొహంలోనే కనబడింది. మరుక్షణం పకపకా నవ్వి, "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! తెలుగోడివా? ఏ తోటరా మీది?" అంటూ వాణ్ణి కావలించుకున్నాడు. మాలాగే వాడి తాతది కూడా శ్రీకాకుళం వైపేనట. ఇద్దరూ గడ్డిలో కూర్చుని ఊళ్ళ పేర్లు చెప్పుకుంటుంటే, మాకు మాత్రం వాడి పీక పిసికేయాలన్నంత కోపం.

దొర అన్నంత పనీ చేశాడు. చిన్నాన్న తిరిగి తోట బడికే వెళ్ళిపోయాడు, పిన్ని చాలాకాలం ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు, కరివేపాకు మొక్క పాత ఇంటి వెనకే నాటుకుంది. కానీ ఎవరైనా ఆయన కోచ్‌గిరీ మాటెత్తితే, "ఒక్క ఆటే ఓడినాను, అదీ మనోడి సేతిలోనే" అని గర్వంగా చెప్పుకునేవాడు. ఓడినందుకు గర్వమేమిటని నాకు అప్పట్లో ఒళ్ళు మండేది.

మొన్న మనవడు తెల్లమొహం వేసుకుని నిలబడ్డప్పుడు గానీ నాకది తెలిసిరాలేదు. ఇప్పుడు చిన్నాన్న ఆ మైదానం అంచున నిలబడి ఎంత అరిచినా, అవతలి జట్టులో ఆ రహస్యం పట్టేసేవాడు ఒక్కడూ ఉండడు. ఆ కేక విని ఎడమవైపు తిరిగేవాడు మన జట్టులోనూ లేడు.