సగం బర్రెపాలు, సగం సోయా

నా చిన్నప్పుడు డోన్‌లో మాది కిరాణా అంగడి. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని ఇరుగుపొరుగు ఎగతాళి చేసేవారు. అది పొగడ్తే అనుకొని మురిసిపోయేదాన్ని.

పక్కింటి అక్క కర్నూలుకు పోయి సోయా కలిపి పనీర్ చేయడం నేర్చుకొని వచ్చింది. స్టేషన్ దగ్గరి హోటలాయన, సరుకు నచ్చితే రోజూ తీసుకుంటానన్నాడు. నచ్చకపోతే అక్క కుట్టుపనికి బెంగళూరు పోవాల్సిందే. ఆమెకు ఊరు విడవడం ఇష్టం లేదు, నాకసలే లేదు.

ఆ ఉదయం అక్క నానిన సోయా గింజలు రుబ్బి, పాలు పిండి, పచ్చివాసన పోయేదాకా కాచి, అంతే కొలత బర్రెపాలు కలిపింది. మా ఇంట్లో పాలు విరిగితే పెద్ద రభస. ఇక్కడేమో విరగాలని ఊపిరి బిగబట్టి కూర్చున్నాం! గిన్నె దించి నిమ్మరసం ఒక చెంచా పోసింది. ఏమీ కాలేదు. ఇంకో చెంచా. ఉన్నట్టుండి తెల్లటి తునకలు తేలి, చుట్టూ తేట నీళ్లు! నేను గంతులేశాను. దాన్ని గుడ్డలో మూటగట్టి, నీళ్లు దిగడానికి పైన రాయి పెట్టి, అక్క స్నానానికి పోయింది.

అప్పుడు మేల్కొంది నాలోని అంగడి బుద్ధి. నీళ్లన్నీ పోతే తూకం తగ్గదూ? రాయి తీసి పక్కన పెట్టాను. అంతలోనే హోటలాయన వచ్చాడు.

"ఏం పాపా, అచ్చం పాలదేనా?"

"అచ్చం బర్రెపాలదేప్పా! యాడా దొరకదు ఇట్లాంటిది!"

వెనక నుంచి అక్క గొంతు. "కాదన్నా, సగం సోయా ఉండాది. ఈ పిల్ల రాయి గూడా తీసేసింది, ఇంకా నీళ్లుండాయి. రోంతసేపు కూచో."

ఇక పోయె బేరం అనుకున్నాను. ఆయన మాత్రం కూర్చున్నాడు. నీళ్లు దిగాక ఒక ముక్క పెనం మీద వేయించి చూశాడు. ముక్క చెదరలేదు. నోట్లో మెత్తగా కరిగింది కాబోలు, రెండోది అడక్కుండానే తీసుకున్నాడు. "రేపట్నుంచి పంపించమ్మా. సోయా అని చెప్పే అమ్ముతాలే. ఈ పిల్లను మాత్రం తూకం కాడికి రానీయొద్దు!"

అక్క ఊళ్లోనే ఉండిపోయింది.

నాకిప్పుడు సొంత అంగడి ఉంది. బేరంలో ఎవరినీ వదలను, కానీ సరుకులో లోపముంటే ముందు నేనే చెప్పేస్తాను. అదేమంత సులభం కాదు. కొనేవాళ్లు కొనకుండా వెళ్లిపోతారేమోనని ఈ వయసులోనూ భయమే. ఆ రోజు సోయా మాట చెబుతున్నప్పుడు అక్క చేతులు వణకడం నేను చూశాను. వణుకుతూనే చెప్పింది.