అఫ్తర్సియా అంటే

చేతిలో ఉలి ఉంది, ఎదురుగా నాపరాయి ఉంది. రెండింటి మీదా ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నవ్వకండి. అనంతగిరి అడవిలో పులికి నేను బీడీ ముట్టించిన కథ విన్నవాళ్ళకు నా ఒట్టు విలువ తెలుసు. కానీ ఈ ఒక్కటి ఏళ్ళ తరబడి గుండె మీద బండలా మోస్తున్నాను.

తాండూరులో సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కుతాను. వికారాబాద్ నుంచి మరియమ్మక్క వచ్చింది. ఒక్కగానొక్క కొడుకు పోయాడు. మట్టి ఇచ్చేటప్పుడు పాస్టరు గారు ఒక గ్రీకు మాట అన్నాడట, అఫ్తర్సియా అని. అది రాయి మీద ఉండాలంది.

"ఏడుపుల సరిగ్గ ఇనలే. దానికి అర్థమేంది, తమ్మీ?"

నా నోరు ఊరుకుంటుందా?

"దేహం చెడిపోదని, అక్కా. ఆ దేశంల ఎన్కట ఒక గోరీ తవ్వితే పిల్ల పండుకున్నట్టే ఉన్నదట. తలల పూలు సుత వాడలే."

ఆమె కళ్ళు వెలిగాయి. ఆ వెలుగు కోసమే కదా బతుకంతా కోతలు కోసింది?

కొన్నేళ్ళకు రోడ్డు వెడల్పు పని ఆ పిల్లాణ్ణి పాతిపెట్టిన సమాధుల తోట మీదికొచ్చింది. ఎవరివాళ్ళను వాళ్ళు తీసి కొత్త జాగకు మార్చుకోవాలి. రాయి పగలకుండా లేపమని మరియమ్మక్క నన్ను పిలిచింది. పోయి చూస్తే ఆమె చేతిలో కొబ్బరినూనె సీసా, దువ్వెన. కొడుకు తల దువ్వడానికి! దువ్వెన పళ్ళ మీద గోరు ఆడిస్తూ నిలబడింది. గుంత అంచుకు ఆమెను రానివ్వలేదు నేను. నేనే తొంగిచూశాను. ఏముంటుంది? అందరికీ ఉండేదే.

"ఎట్లున్నడు, తమ్మీ?"

"పండుకున్నట్టే ఉన్నడు, అక్కా."

నమ్మింది. నవ్వింది కూడా.

తర్వాత పాస్టరు గారిని అడిగాను. చెడిపోనితనమనే అర్థమట, కానీ పాతిపెట్టిన దేహానికి కాదు, రేపు లేచేదానికి. "కంది గింజ మట్టిల మురుగుతది. మొలిచేది ఆ గింజేనా?" అన్నాడు. మరి నేనేం చేశాను? మొలక కోసం ఎదురుచూడాల్సిన తల్లిని గింజ దగ్గర కూచోబెట్టాను. ఇప్పటికీ రాయికి ఉలి ఆనించగానే ఆ దువ్వెన పళ్ళ చప్పుడు వినిపిస్తుంది.

ఒట్టేశాను కాబట్టి చెప్పాలి. పైన ఒక్కటి కల్పించాను. ఆమె నమ్మలేదు, నవ్వలేదు. ఎముకల మూటను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కొత్త జాగ దాకా తెచ్చింది ఆమే. పండుకున్నట్టే ఉన్న ఎదిగిన కొడుకు తువ్వాలంత మూటలో ఎట్లా పడతాడు? దిగి, దువ్వెనను మూట మీద పెట్టి, నా వైపు చూడకుండా అంది:

"తెల్వదంటే అయిపోతుండె గద, తమ్మీ."

తెల్వదు, అక్కా. నాకు అప్పుడు తెల్వకుండె.