పైకి లేచిన దర్జీ దుకాణం

మనుషుల మాటకన్నా టేపు మాటనే నమ్మే దర్జీ అతను. ఎవరితో వాదనకు దిగినా అంగుళం కదలడు కాబట్టి వీధిలో అందరూ అంగుళం అనే పిలిచేవారు. చిన్న విమానాల షెడ్డులో మెకానిక్కుగా పనిచేసే బావమరిది ఒకరోజు పాత విమానంలోంచి ఊడదీసిన, ఎత్తు కొలిచే మీటరు తెచ్చిచ్చాడు. అంగుళం దాన్ని కుట్టు మిషను పైన గోడకు బిగించి, ముల్లును సున్నా మీదికి తిప్పి మురిసిపోయాడు.

మర్నాడు మబ్బు పట్టింది. మధ్యాహ్నానికి ముల్లు నలభై మీటర్లు చూపించింది. దుకాణం ఎంత పైకి లేచిందో తేల్చుకోవాలని అంగుళం గుమ్మంలోంచి దారపు రీలు జారవిడిచి చూశాడు. అది ఎప్పటిలాగే కాలవలో పడింది.

"ఏమే, దుకాణం పైకి లేస్తోంది. మెల్లగా నడువు."

"లేచింది దుకాణం కాదు, మీ తిక్క," అంది భార్య, ఇస్త్రీ ఆపకుండానే.

సాయంత్రానికి ఎనభై అయింది. అప్పుడే బ్యాంకు గార్డు వచ్చి, కుట్టిన ప్యాంటు తొడుక్కుని చూసుకున్నాడు. చీలమండలు బయటే ఉన్నాయి.

"ఇంత ఎత్తుకొచ్చాక బట్ట కాస్త ముడుచుకుంటుందండీ," అన్నాడు అంగుళం, మీటరు చూపిస్తూ.

"మూడు మెట్లెక్కితే నాలుగంగుళాలు పోతాయా?" అన్నాడు గార్డు.

అంతలో వాన దంచికొట్టింది. తడిసి ముద్దయిన బావమరిది లోపలికి పరుగెత్తుకొచ్చి, సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"బావా, దానికి ఎత్తేం తెలుసు? గాలి ఎంత బరువుగా నొక్కుతోందో అదొక్కటే తెలుసు. కొండెక్కితే ఆ నొక్కుడు తగ్గుతుంది. వాన ముసురుకున్నా తగ్గుతుంది. పాపం, అది రెండింటికీ ఒకటే లెక్క చెబుతుంది."

"మరి విమానాలు కొండలకు గుద్దుకోవూ?"

"పైలట్లు కిందవాళ్లను రేడియోలో అడిగి, ఆ పూట గాలి లెక్క ప్రకారం మీటరు సరిచేసుకుంటారు. నీలాగా రీళ్లు పారేసి చూడరు."

"ఇంతకీ నా ప్యాంటు సంగతేంటి?" అన్నాడు గార్డు.

"అది వాతావరణం పని కాదండీ, మా బావ పని."

అంగుళం ప్యాంటు వెనక్కి తీసుకున్నాడు. అంచు విప్పి చూస్తే లోపల రెండంగుళాల బట్టే ఉంది. మిగతా రెండంగుళాలకీ చేతికి దొరికిన ఎర్రగుడ్డ పట్టీ వేసి కుట్టాడు. వేసుకొచ్చిన ప్యాంటు ఇస్త్రీకిచ్చిన గార్డు, వాన ఆగేదాకా నడుముకు దుప్పటి చుట్టుకుని, బావమరిది పక్కన కూర్చుని టీ తాగాడు.

ఆ ఎర్రపట్టీ చూసి, తమకూ అలాగే కుట్టమని అదే వారం మరో ఇద్దరు గార్డులొచ్చారు. అది కొత్త ఫ్యాషనని అంగుళం వాళ్లకు గంభీరంగా చెప్పాడు.