రాజవ్వకు చదివిన కాగితాలు

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. నలుగురూ చేరి అలాంటివి చెప్పుకుంటుంటే లేచి టీ పెట్టుకోవడానికి పోయేదాన్ని. ఇప్పుడు నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. నవ్వేవాళ్లు నవ్వనీ.

రెండేళ్లుగా నా నవల ఒక్క పేజీ కదల్లేదు. ఇక నేను రచయిత్రినేనా అన్న భయం పట్టుకుంది. రామగిరి దగ్గరి పల్లెలో స్నేహితురాలి పెంకుటిల్లు ఖాళీగా ఉందంటే, నెల రోజులుందామని విజయవాడ నుంచి వెళ్లాను. తాళంచెవి ఇచ్చింది పక్కింటి రాజవ్వ. డెబ్బై దాటిన మనిషి. ఆమె గురించి అంతకు మించి నాకేమీ తెలియదు.

అక్కడ మధ్యాహ్నం మూడింటికి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ చేస్తారు. తలుపులు గడగడలాడతాయి, తర్వాత ఊరంతా సద్దుమణుగుతుంది. కిటికీలోంచి పడే ఎండలో సన్నటి దుమ్ము మెల్లగా తేలుతూ ఉంటుంది. మూడో రోజు ఆ దుమ్మునే చూస్తూ కూర్చున్నాను. నిద్రపోలేదు, పూర్తి మెలకువలోనూ లేను. దగ్గర్లో ఎవరో నెమ్మదిగా మాట్లాడుతున్నట్టు హాయిగా ఉంది. తేరుకునేసరికి నాలుగు కాగితాలు నిండి ఉన్నాయి. దస్తూరి నాదే.

అందులో ఒక గని కార్మికుడు డ్యూటీ నుంచి వచ్చి, నడుం వాల్చే ముందు కట్టెతో ఇంటి దూలాన్ని తట్టి చూస్తాడు. నేనెప్పుడూ గనిలోకి దిగలేదు. భూమి లోపలి గనుల్లో కార్మికులు అలా పైకప్పును తట్టి, చప్పుడును బట్టి కూలుతుందో లేదో తెలుసుకుంటారని తర్వాతే విన్నాను.

సాయంత్రం రాజవ్వ మంచినీళ్లు తెచ్చి, ఏం రాసినవో చదవమంది. చదివాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"గాయన నా పెనిమిటే బిడ్డా. 'ఇది ఇల్లయ్యా, బొగ్గుబాయి కాదు' అని నవ్వేదాన్ని. గీ ముచ్చట నీకెవలు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. ఆయన పోయి ఇరవై ఏళ్లట. స్నేహితురాలికి ఫోన్ చేసి అడిగాను, ఆమెకూ తెలియదు.

మర్నాటి నుంచి రాజవ్వ రోజూ వచ్చి ఎదురుగా కూర్చునేది.

"ఇంకేమన్న చెప్పిండా బిడ్డా?"

నాకు ఒక్క వాక్యం రాలేదు. మూడు రోజులు చూసి, ఆమె ముఖం చూడలేక కల్పించి రాశాను. ఆయన డ్యూటీ నుంచి వస్తూ భార్యకు మల్లెపూలు తెచ్చాడని రాశాను. కల్పించడమే కదా నా పని.

రాజవ్వ కళ్లు మూసుకుని ఆఖరిదాకా విని, ఫక్కున నవ్వింది.

"ఆయన పూలు తెచ్చుడా! జన్మల తేలే. మంచిగనే ఉన్నది గానీ, గిది ఆయన ముచ్చట కాదు బిడ్డా. నీది."

సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె ఆ నాలుగు కాగితాలూ మడిచి తీసుకుంది. నేను కల్పించిన కాగితం మాత్రం తిరిగి నా చేతిలో పెట్టింది.

"గిది నువ్వే ఉంచుకో. అటెన్క ఏమైందో రాయి. రేపొచ్చి వింట."

ఆ కాగితంతోనే నా నవల మొదలైంది. ఇప్పటికి సగం దాటింది. మొదటి నాలుగు కాగితాలు నా చేత ఎవరు రాయించారో మాత్రం ఎంత ఆలోచించినా అంతుపట్టదు. వాటికి నకలు కూడా ఉంచుకోలేదు. నిజం చెప్పొద్దూ, నేను ఇన్నేళ్లుగా రాసినవాటిలో అంత మంచివి ఇంకేవీ లేవు.