ఆయుధపూజ నాటి అప్‌గ్రేడ్

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. బడి ఏమీ బాధపడలేదు. నగరి ఊళ్ళో మా మామ మరమగ్గాల షెడ్డు పక్క గదిలో నాకొక కంప్యూటర్ ఉంది. చీర అంచులకు డిజైన్లు గీసి, మగ్గానికి తగిలించే జకార్డు అట్టలకు దాంతోనే బొక్కలు కొడతాను. అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్ జాతిది. ఏళ్ళ తరబడి ఒక్కనాడూ మొరాయించలేదు. మొరాయించనిదాన్ని కెలకడం నా జబ్బు.

ఆ సిస్టమ్‌లో రెండు రకాలుంటాయి. ఒకటి, అన్నీ సరిచూసి నెలల తర్వాత వదిలే స్థిరమైన వెర్షన్. ఇంకోటి, తయారుచేసేవాళ్ళు ఏ రోజుకారోజు వదిలే పచ్చి బిల్డు. నా తెర మీద ఎరుపూ, మేము అరక్కు అనే ముదురెరుపూ ఒకే రంగులా కనిపించేవి. పచ్చి బిల్డులో ఆ లోపం సరిచేశారని ఎక్కడో చదివాను. పనిచేసుకునే యంత్రంలో పచ్చిది పెట్టొద్దని ఆ పక్కనే రాసి ఉంది. అదీ చదివాను. చదువు రాక మోసపోయానని చెప్పుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఆ దసరాకు నా చేతిలో ఒకే పని ఉంది. మా షెడ్డులో తల నెరిసేదాకా నేసిన అన్న ఒకాయన, ఊళ్ళో అందరి పెళ్ళాలకూ నేశాడు గానీ సొంత పెళ్ళానికి ఒక్క చీర నేయలేదు. ఆ చీర నేసుకోవడానికి పండగ మర్నాటి నుంచి మూడు రోజులు ఒక మగ్గం ఇస్తానని మామ ఒప్పుకున్నాడు. నాలుగో రోజు దాని మీదికి ఆర్డరిచ్చిన బట్టల కొట్టువాళ్ళ పడుగు ఎక్కాలి. అన్న నా పక్కన స్టూలు వేసుకుని వారం రోజులు కూర్చున్నాడు. భార్య చెవికమ్మల ఆకారాన్ని అంచులో గీయించుకున్నాడు. ఇక అట్టలు కొట్టడమే మిగిలింది.

ఆయుధపూజ పొద్దున మగ్గాలన్నీ ఆగిపోయాయి. అడిగేవాడు లేడు, ఇదే సందు అనుకుని అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. నీలం తెర మీద తెల్లక్షరాలు పరిగెత్తుతుంటే చూసి మురిసిపోయి, గుమ్మడికాయ తేవడానికి బజారుకు పోయాను. తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. కంప్యూటర్ డబ్బాకు నిండా పసుపు, మూడు చోట్ల కుంకుమ, నెత్తిన బంతిపూలు. గాలాడే బొక్కల్లో కూడా పసుపు మెత్తారు. వైరు చుట్టచుట్టి పక్కన పెట్టి ఉంది. పద్ధతైన మనిషి, యూపీఎస్ కూడా ఆపాడు.

"మామా, ఎవురు ఆపింది దీన్ని?"

"నేనేప్పా. బర్రుమని శబ్దం సేస్తా ఉండె. మగ్గాలన్నీ నిలిపి బొట్లు పెట్టినాం. నీ డబ్బా ఒక్కటీ దేవుడికంటే పెద్దదా?"

"లోపల పాతది తీసి కొత్తది పెడతా ఉండాది మామా! డాక్టరు కడుపు కోసుండంగా కరెంటు పీకితే ఎట్లుంటాది?"

"ఆస్పత్రిలో గూడా ఈ పొద్దు కత్తెర్లకు బొట్టు పెట్టి మూలన పెట్టింటార్లే. బొరుగులు తిను."

మళ్ళీ ఆన్ చేయబోతే చెయ్యి పట్టుకున్నాడు. బొట్టు పెట్టిన పనిముట్టును మర్నాడు పూజయ్యేదాకా ముట్టకూడదు. నా నోట్లో బొరుగులు ఉన్నాయి కాబట్టి బతికిపోయాడు. అప్‌గ్రేడ్ చేస్తున్నానని ఆయనకు ఒక్క మాట చెప్పి పోని నన్ను ఎవరు తిట్టాలో మాత్రం అప్పుడు తోచలేదు.

మర్నాడు పెన్‌డ్రైవ్ పెట్టి, సగంలో ఆగిన అప్‌గ్రేడ్ పూర్తిచేసి సిస్టమ్‌ను లేపాను. అన్న డిజైన్ ఫైలు భద్రంగా ఉంది. దాన్ని తెరిచే ప్రోగ్రామే లేవలేదు. సిస్టమ్ కొత్తదైపోయింది, ప్రోగ్రాం ఇంకా పాతదే, రెండింటికీ మాటల్లేవు. దానికి సరిపడే కొత్త ప్రోగ్రాం సర్వర్‌లోకి ఇంకా రాలేదు. ఫోరంలో అడిగితే, పచ్చి బిల్డు వాడేవాడికి ఓపిక ఉండాలని ఎవడో నీతి చెప్పాడు. ఓపిక నాకెందుకురా, మగ్గానికి కావాలి! ఊళ్ళో మిగతా డిజైనర్ల ప్రోగ్రాంలు నా ఫైలును గుర్తుపట్టవు.

పాత వెర్షన్ మళ్ళీ ఎక్కించి ఉంటే ఒక పూటలో తేలిపోయేది. వెనక్కి పోవడమా, నేనా? ఇంకో గంటలో వస్తుంది, ఇంకో గంటలో వస్తుంది అంటూ తెర ముందే కూర్చున్నాను. అన్న రోజుకు నాలుగుసార్లు గుమ్మం దగ్గరికి వచ్చేవాడు. "బిడ్డ పుట్టేదానిక్కూడా ఇంత సేపు పట్టదు కదప్పా" అని మొదటి రోజు నవ్వాడు. రెండో రోజు నవ్వలేదు. మూడో రోజు గుమ్మం దగ్గర నిలబడి చూసి, తన స్టూలు తీసుకుని పోయాడు.

నాలుగో రోజు ప్రోగ్రాం వచ్చింది. డిజైన్ తెరుచుకుంది. ఎరుపు ఎరుపుగా, అరక్కు అరక్కుగా వేరువేరుగా కనిపించాయి. పరిగెత్తి అన్నను పిలుచుకొచ్చాను. కమ్మలను చాలాసేపు చూశాడు.

"సూడన్నా, రంగులు ఎంత బాగుండాయో. దీనికోసమే ఇంత తిప్పలు పడింది."

"రంగు నాకు దారంలో తెలుస్తాది కదప్పా. నీ టీవీలో ఏ రంగుంటే నాకేం? అట్టలకు బొక్కలు సరిగ్గా పడితే సాలుండె."

అట్టకు రంగు ఉండదు. రంధ్రం ఉంటుంది, లేదా ఉండదు. ఇన్నేళ్ళు అట్టలు కొట్టి బతికినవాడికి ఆ మాట ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

నేరుగా షెడ్డులోకి పోయాను. ఆ మగ్గం మీద కొట్టువాళ్ళ పడుగు ఎక్కేసింది. శబ్దంలో వినబడాలని మామ చెవి దగ్గర అరిచాను.

"మామా, అన్నకు ఇంకో మూడు దినాలు మగ్గం ఇయ్యి. తప్పు నాది. కాళ్ళు పట్టుకుంటా."

తప్పు నాదని ఏనాడూ అన్నవాణ్ని కాను కదా, మామ నా మొహంలోకి చూసి పగలబడి నవ్వాడు. పక్క మగ్గం వాళ్ళను కూడా పిలిచాడు.

"ఇట్లా రాండప్పా, మా అల్లుడు సూడండి, ఎంత బాగా యాక్షన్ సేస్తా ఉండాడో!"

నిజంగానే కాళ్ళ మీద పడ్డాను. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు.